బ్రౌన్ తీర్పు డెట్రాయిట్ పొలిమేర దగ్గర ఎందుకు ఆగింది? (మిల్లికెన్ వర్సెస్ బ్రాడ్లీ, 1974)

నోవై_నాని
ఒక డౌటు, తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి. బ్రౌన్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ తీర్పు 1954 మే 17న వచ్చింది. తెల్లపిల్లలకో బడి, నల్లపిల్లలకో బడి చెల్లదని తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద చెప్పారు. ఇక్కడ పిల్లల సోషల్ పుస్తకంలో కూడా ఉంటుంది ఈ పాఠం. మరి ఇన్నేళ్ళ తర్వాత డెట్రాయిట్ సర్కారు బడుల్లో నూటికి ఎనభై మంది నల్లపిల్లలే ఎందుకున్నారు, ఊరి ఉత్తరపు హద్దయిన ఎయిట్ మైల్ రోడ్డు దాటి పైకొస్తుంటే క్లాస్ ఫొటో రంగే మారిపోతుంది ఎందుకని?

ఇల్లు వెతుక్కుంటున్నాం. ఏజెంటు పంపే ప్రతి లిస్టింగులోనూ బెడ్రూములెన్నో చెప్పకముందే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ఇల్లు ఏ బోర్డు బడుల పరిధిలోకి వస్తుందో) పేరు ఉంటోంది. అసలు ఈ డిస్ట్రిక్ట్ గీతలకి ఇంత బలం ఎక్కడిది అని వెతుకుతుంటే ఈ 1974 కేసు తగిలింది. సగం అర్థమైంది, సగం కాలేదు. బ్రౌన్ తీర్పుని కొట్టేశారా ఏంటి?

లా_పాయింట్
కొట్టెయ్యలేదండీ, బ్రౌన్ ఇవాళ్టికీ చట్టమే. అది ఎంత దూరం వెళ్ళొచ్చు అన్నదానికి 1974లో హద్దు పెట్టారు. మొదట్నుంచి చెప్తే గానీ అర్థం కాదు, కొంచెం ఓపిక పట్టండి.

1970 ఏప్రిల్లో డెట్రాయిట్ స్కూల్ బోర్డే తనంతట తాను ఒక ప్లాన్ వేసింది. కొన్ని హైస్కూళ్ళ పరిధులు మార్చి తెల్ల, నల్ల పిల్లల్ని కొంతవరకు కలుపుదామని. పెద్ద విప్లవమేమీ కాదు. జులైకల్లా రాష్ట్ర అసెంబ్లీ యాక్ట్ 48 అని చట్టం చేసి దాన్ని రద్దు చేసింది, ఆగస్టులో ఓటర్లు ఆ ప్లానుకి ఓటేసిన నలుగురు బోర్డు సభ్యుల్ని రీకాల్ చేసి ఇంటికి పంపారు. అదే ఆగస్టులో నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ కొందరు పిల్లలు, తల్లిదండ్రుల తరఫున ఫెడరల్ కోర్టుకి వెళ్ళింది. గవర్నర్ విలియం మిల్లికెన్ మీద కేసు కాబట్టి ఆ పేరు.

కేసు స్టీఫెన్ రాత్ అనే జడ్జి ముందుకొచ్చింది. హంగరీలో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికొచ్చినాయన. మొదట్లో ఎన్ఏఏసీపీ వాదన ఆయనకి అస్సలు రుచించలేదు. విచారణ 41 రోజులు సాగింది. రోజూ మ్యాపులు, ఇళ్ళ లోన్ల లెక్కలు, ఏ పేటలో ఎవరికి ఇల్లు అమ్మారు ఎవరికి అమ్మలేదు అన్న సాక్ష్యాలు విని విని ఆ మనిషి మారాడు. 1971 సెప్టెంబర్ 27న తీర్పిచ్చాడు: ఇది ఎవరికి నచ్చిన చోట వాళ్ళు ఉండబట్టి వచ్చిన తేడా కాదు, స్కూల్ బోర్డు, రాష్ట్రం, లోన్ల రూల్సు పెట్టిన ఫెడరల్ ప్రభుత్వం, రియల్ ఎస్టేట్ వాళ్ళు తలా ఒక చెయ్యి వేశారు అని.

అసలు చిక్కు ఆ తర్వాతే. అప్పటికే డెట్రాయిట్ బడుల్లో మూడింట రెండొంతుల దాకా నల్లపిల్లలే. ఊరి లోపలే కలిపితే ఉన్న తెల్లవాళ్ళూ శివార్లకి సామాన్లు సర్దుకుంటారు, ఇంకో రెండేళ్ళకి కలపడానికి ఎవరూ మిగలరు. అందుకని 1972 జూన్ 14న డెట్రాయిట్‌తో పాటు చుట్టూ ఉన్న 53 శివారు డిస్ట్రిక్టులని కూడా కలిపి ప్లాన్ వెయ్యమన్నాడు. మొత్తం 7 లక్షల 80 వేల మంది పిల్లలు. సిక్స్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు కూడా దాదాపుగా సరేనంది.

1974 జులై 25న సుప్రీంకోర్టు 5-4తో కాదంది. శివారు డిస్ట్రిక్టులు తప్పు చేసినట్టు గానీ, ఆ గీతల్ని కావాలనే రంగు చూసి గీసినట్టు గానీ రుజువు కాలేదు, కాబట్టి వాళ్ళని ఇందులోకి లాగకూడదు, చదువులో లోకల్ కంట్రోల్ చాలా పాత సంప్రదాయం అని చీఫ్ జస్టిస్ బర్గర్ రాశాడు. ఇంతకు మూడేళ్ళ ముందే, 1971లో షార్లెట్ కేసులో పిల్లల్ని కలపడానికి బస్సులు వాడొచ్చని 9-0తో తీర్పు రాసింది కూడా ఈ బర్గరే. అక్కడ మొత్తం కౌంటీ ఒకటే డిస్ట్రిక్ట్, దాటాల్సిన గీత లేదు. తేడా అంతే.

రాత్ ఈ తీర్పు చూడలేదు. అంతకు రెండు వారాల ముందే పోయాడు.

కడప_టు_కాపెల్
లా అన్నా, బాగా రాసినావు గానీ నాకు సుప్రీంకోర్టు చెప్పిందాంట్లో తప్పు కనపడలే. తప్పు డెట్రాయిట్ బోర్డుది అయితే పక్కూరి పిల్లోడ్ని ఎందుకు బస్సెక్కించాల? నేను అప్పు చేసి, ఓవర్‌టైం చేసి, మంచి స్కూలుందని ఇక్కడ ఇల్లు కొన్నా. రేపు ఎవరో జడ్జి వచ్చి మీవాణ్ణి పొద్దున్నే ఆరింటికి బస్సెక్కించి నలభై మైళ్ళ అవతల బడికి పంపు అంటే ఒప్పుకుంటారా ఎవరైనా? నిజం చెప్పండి. ఫోరంలో రాసేదొకటి, ఇంటికాడ చేసేదొకటి ఉంటాది మనవాళ్ళకి.

పాత_మిషిగన్
కడప తమ్ముడూ, నలభై మైళ్ళు ఎక్కడివయ్యా. రాత్ ఆర్డరులో పెట్టిన హద్దు ఒకవైపు ప్రయాణానికి నలభై నిమిషాలు. పైగా డెట్రాయిట్, దాని చుట్టుపక్కల మూడు కౌంటీల్లో అప్పటికే దాదాపు 3 లక్షల మంది పిల్లలు రోజూ బస్సుల్లోనే బడికి పోతున్నారు. పసుపు బస్సు ఎవరికీ కొత్త కాదు. బస్సు ఎక్కడికి పోతుందన్నదే గొడవ.

నేను వచ్చింది 1977లో. అప్పటికి తీర్పొచ్చి మూడేళ్ళయినా ఆఫీసులో లంచ్ టైంలో ఇంకా అవే మాటలు. డెట్రాయిట్ దగ్గరి పాంటియాక్‌లో 1971 ఆగస్టు చివర్లో, బడులు తెరవడానికి కొద్ది రోజుల ముందు, డిపోలో నిలబెట్టిన పది స్కూల్ బస్సుల్ని డైనమైట్ పెట్టి పేల్చేశారు. అది వేరే కేసు, అక్కడి బడుల్లో పిల్లల్ని కలపమని డేమన్ కీత్ అనే నల్లజాతి జడ్జి ఇచ్చిన ఆర్డరు. కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ముఠా వాళ్ళు దొరికారు, శిక్షలు పడ్డాయి. ఆ మరుసటి ఏడు మేలో డెమోక్రాటిక్ ప్రైమరీలో మిషిగన్ గెలిచింది ఎవరనుకున్నారు, అలబామా గవర్నరు, వేర్పాటువాది జార్జ్ వాలెస్. సౌత్‌లోనే ఇదంతా అనుకునేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇక "ఎవరిష్టం వచ్చిన చోట వాళ్ళు ఇల్లు కొనుక్కున్నారు" అన్న మాట. గ్రోస్ పాయింట్ అని డెట్రాయిట్ పక్కనే చెరువు ఒడ్డున డబ్బున్నవాళ్ళ ఊరు. ఈ కేసులో సుప్రీంకోర్టుకి ఎక్కిన డిస్ట్రిక్టుల్లో అదొకటి. 1960లో బయటపడిందేంటంటే, అక్కడి ఇళ్ళ ఏజెంట్లు ఎన్నో ఏళ్ళుగా కొనడానికి వచ్చిన ప్రతివాడికీ మార్కులు వేస్తున్నారు. ప్రైవేట్ డిటెక్టివ్‌ని పెట్టి మరీ. ఒంటి రంగు ఎంత నలుపు, యాస ఉందా, జీవన విధానం అమెరికన్ పద్ధతిలో ఉందా, ఇట్లాంటి ప్రశ్నలు. పోలిష్ వాళ్ళకి ఇన్ని మార్కులు కావాలి, ఇటాలియన్లకి ఇంకొంచెం ఎక్కువ, యూదులకి మరీ ఎక్కువ. నల్లవాళ్ళకీ ఆసియావాళ్ళకీ అసలు పేపరే లేదు, గుమ్మం బయటి నుంచే పంపడం. అంటే నువ్వూ నేనూ ఎంత అప్పు చేసినా, ఎంత ఓవర్‌టైం చేసినా పరీక్షకి కూడా కూర్చోనిచ్చేవాళ్ళు కాదు.

క్యారీ_కవిత
పెద్దాయన గారూ, ఆ మార్కుల సంగతి మొదటిసారి వింటున్నా. ఒళ్ళు మండింది.

మా వైపు ముచ్చట చెప్తా. ఇక్కడ నార్త్ కరోలినా వేక్ కౌంటీలో ర్యాలీ అనే ఊరి బడుల్నీ చుట్టూ ఉన్న కౌంటీ బడుల్నీ 1976లో ఒక్కటి చేసేశారు. కోర్టు చెప్పి కాదు, రాష్ట్ర అసెంబ్లీయే చట్టం చేసింది. అంటే మిల్లికెన్ వచ్చిన రెండేళ్ళకే, కోర్టు బలవంతపెట్టలేని పని ఇక్కడివాళ్ళు చేసుకున్నారు. అప్పట్లో జనానికి పెద్దగా ఇష్టం లేదట, వ్యాపారస్తులు ఊరు చచ్చిపోతుందని పట్టుబట్టారట. 2000 నుంచి రంగు బదులు ఇంటి ఆదాయం చూసి పిల్లల్ని సర్దారు, ఏ బడిలోనూ ఫ్రీ లంచ్ పిల్లలు నూటికి నలభై దాటకూడదని. 2010లో కొత్త బోర్డొచ్చి అది తీసేసింది.

ఇప్పటికీ రీఅసైన్‌మెంట్ (పిల్లల్ని వేరే బడికి మార్చడం) అంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షనో చెప్పలేను. పోయిన ఏడాది మా పక్కింటావిడ మ్యాపు ప్రింట్ తీసి హైలైటర్ పెట్టుకుని కూర్చుంది, వాళ్ళ కల్-డి-సాక్ గీతకి ఇటుందో అటుందో అని. మా పెద్దదాన్ని ఒకసారి మార్చారు. ఏడ్చింది, వారం తర్వాత మర్చిపోయింది. నేనే మర్చిపోవడానికి చాలా టైం తీసుకున్నా. ఇంత జరిగినా ఇక్కడ డిస్ట్రిక్ట్ మారాలంటే కౌంటీ దాటి పోవాలి, అందుకని అంత తేలిగ్గా ఎవరూ పారిపోలేరు. డెట్రాయిట్‌లో ఒక రోడ్డు దాటితే చాలు.

బెజవాడ_బారిస్టర్
మన దగ్గర మాత్రం ఏమన్నా తక్కువా? సర్కారు బడి ఎవరిది, కాన్వెంటు ఎవరిది? విద్యాహక్కు చట్టంలో ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదపిల్లలకి ఇవ్వాలని ఉంది, 2012లో సుప్రీంకోర్టు సరేనంది కూడా. అమలు చూడండి ఎలా ఏడ్చిందో. ఇంకా వెనక్కి వెళ్తే 1951లో చంపకం దొరైరాజన్ కేసు, అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం...

అడ్మిన్
బారిస్టర్ గారూ, చంపకం కేసుకి విడిగా దారం మొదలుపెట్టండి, అందరం వస్తాం. ఇక్కడ రిజర్వేషన్ల మీదకి మళ్ళితే మిల్లికెన్ మళ్ళీ దొరకదు. అనుభవం.

కడప_టు_కాపెల్
పెద్దాయనా, గ్రోస్ పాయింట్ వాళ్ళు చేసింది దరిద్రం. ఒప్పుకుంటా. కానీ అది ఏజెంట్లు చేసిన పని, స్కూల్ డిస్ట్రిక్టులు చేసినట్టు రుజువేముంది? బర్గర్ అడిగింది అదే కదా. మా టెక్సాస్‌లో అయితే ఇంకో కథ, మేము కట్టే ప్రాపర్టీ టాక్స్ రాబిన్ హుడ్ అని చెప్పి రాష్ట్రం ఎత్తుకుపోయి వేరే జిల్లాలకి ఇస్తాది. మా దగ్గర చూస్తే బడ్జెట్ లేదని బడి మూసేస్తామంటారు. ఎంత కలపాల ఇంకా?

లా_పాయింట్
రుజువు అడిగావు కాబట్టి చెప్తా, ఈ కేసు రికార్డులో నన్ను అన్నిటికన్నా కదిలించిన విషయం అదే. డెట్రాయిట్ బయట కార్వర్ అని చిన్న డిస్ట్రిక్ట్ ఉండేది, నల్లవాళ్ళ పేట. వాళ్ళకి హైస్కూల్ లేదు. 1950ల చివర్లో ఆ పిల్లల్ని ఎక్కడికి పంపారో తెలుసా? పక్కనే ఉన్న తెల్ల డిస్ట్రిక్టుల హైస్కూళ్ళు ఏవీ తీసుకోలేదు. వాటి పక్కనుంచే బస్సులో తీసుకెళ్ళి డెట్రాయిట్ ఊళ్ళో నల్లపిల్లలుండే హైస్కూల్లో చేర్చారు. డిస్ట్రిక్ట్ గీత దాటించి, రాష్ట్రానికి తెలిసే. విడదీయడానికి గీత దాటితే ఎవరికీ అభ్యంతరం లేదు, కలపడానికి దాటుదామంటే మాత్రం లోకల్ కంట్రోల్ అడ్డొచ్చింది. బర్గర్ దీన్ని చూడకపోలేదు. ఏదో ఒకటి రెండు డిస్ట్రిక్టుల్లో జరిగింది, దాన్ని పట్టుకుని 53 డిస్ట్రిక్టుల మీద ఆర్డర్ వెయ్యలేం అని పక్కన పెట్టాడు.

స్టువార్ట్ అని ఐదో ఓటు వేసిన జడ్జి ఇంకో అడుగు ముందుకేశాడు. డెట్రాయిట్‌లో నల్లపిల్లలు ఇంతమంది ఎందుకయ్యారంటే వలసలు, జననాల రేటు, ఆర్థిక మార్పులు, జనాల్లో ఉండే భయాలు, ఇలా తెలియని, బహుశా తెలుసుకోలేని కారణాలన్నాడు. 41 రోజులు రాత్ ముందు కూర్చుని చెప్పిన కారణాలు తెలుసుకోలేనివి ఎలా అయ్యాయో ఆయనకే తెలియాలి.

రాబిన్ హుడ్ సంగతికొస్తే, దాని మూలం కూడా ఇక్కడే ఉంది తమ్ముడూ. 1973లో శాన్ ఆంటోనియో డిస్ట్రిక్ట్ వర్సెస్ రోడ్రిగెజ్, మీ టెక్సాస్ కేసే. పేద డిస్ట్రిక్ట్ తల్లిదండ్రులు మా ప్రాపర్టీ టాక్స్‌తో మా బడులు ఎప్పటికీ బాగుపడవు, ఇది సమానత్వం కాదు అని వెళ్తే సుప్రీంకోర్టు 5-4తో కాదంది, చదువు ఫెడరల్ రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాదంది. ఆ ఐదుగురు, ఈ ఐదుగురు ఒక్కరే: బర్గర్, స్టువార్ట్, బ్లాక్‌మన్, పావెల్, రెన్‌క్విస్ట్. ఓడిన నలుగురూ ఒక్కరే: డగ్లస్, బ్రెన్నన్, వైట్, మార్షల్. ఏడాదిన్నర లోపల రెండు తలుపులూ మూశారు. డబ్బు గీత దాటక్కర్లేదు, పిల్లలు గీత దాటక్కర్లేదు. ఆ తర్వాతే టెక్సాస్ వాళ్ళు రాష్ట్ర కోర్టుకెళ్ళి 1989లో గెలిచారు, 1993లో మీరు తిట్టుకునే ఆ రాబిన్ హుడ్ వచ్చింది.

డౌన్‌టౌన్_డాక్టర్
ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి. నా పేషెంట్లలో డెట్రాయిట్‌లోనే పుట్టి పెరిగిన ముసలివాళ్ళు చాలామంది. అందులో రిటైర్డ్ టీచర్ ఒకావిడ ఉంది. ఈ కేసు ఓడిపోయినందుకు నేనేం ఏడవలేదు అంటుంది. ఎందుకంటే, తెల్లపిల్లల పక్కన కూర్చుంటే తప్ప మా పిల్లలకి చదువు రాదా అన్న అవమానం ఆ వాదనలో ఉందని ఆవిడ ఫీలింగ్. సౌత్‌లో బడులు కలిపినప్పుడు నల్లజాతి టీచర్లనీ హెడ్మాస్టర్లనీ వేలల్లో తీసేశారు, బడులు మూసింది నల్లవాళ్ళవే. ఆవిడ అన్న అలబామాలో అలాగే ఉద్యోగం పోగొట్టుకుని ఇక్కడికొచ్చి కార్ల ఫ్యాక్టరీలో చేరాడు. ఎన్ఏఏసీపీలో పనిచేసి బయటికొచ్చిన డెరిక్ బెల్ లాంటి లాయర్లు కూడా 1970ల్లోనే ఈ ప్రశ్న వేశారు, మనం బస్సుల కోసం పోరాడుతున్నాం గానీ తల్లిదండ్రులు అడుగుతోంది మంచి బడి కదా అని.

ఆవిడ మాట కాదనలేను, అలాగని లా_పాయింట్ గారి మాటా కాదనలేను. బడి ఒక్కచోట లేకపోయినా డబ్బు సమానంగా వస్తే ఆవిడ లెక్క కరెక్టే. అది రాలేదు.

లా_పాయింట్
కొంత వచ్చిందండీ, అదే ఎవరికీ తెలియని రెండో భాగం. 1977లో ఇదే కేసు మళ్ళీ సుప్రీంకోర్టుకి వచ్చింది. పిల్లల్ని గీత దాటించొద్దు, సరే, కానీ వేర్పాటు వల్ల జరిగిన నష్టం పూడ్చడానికి చదివించే ప్రత్యేక కార్యక్రమాలు, టీచర్ల ట్రైనింగు, కౌన్సెలింగు పెట్టాలి, ఖర్చులో సగం రాష్ట్రం భరించాలి అన్న ఆర్డరుని అందరూ ఒప్పుకున్నారు. ప్లెస్సీ కేసులో 1896లో "వేరుగా, కానీ సమానంగా" అన్నారు కదా, దానికి కొత్త బిల్లు కట్టినట్టుంది అని అప్పట్లోనే విమర్శ.

ఇక 1994లో మిషిగన్ ప్రపోజల్ ఏ తెచ్చి బడుల రోజువారీ ఖర్చుని ప్రాపర్టీ టాక్స్ నుంచి చాలావరకు సేల్స్ టాక్స్ మీదకి మార్చింది. సేల్స్ టాక్స్ 4 నుంచి 6 శాతం అయ్యింది అప్పుడే. కానీ కొత్త బిల్డింగులు, రిపేర్లు ఇప్పటికీ లోకల్ బాండ్లే. డెట్రాయిట్‌లో కప్పు కారుతుంటే, శివార్లలో స్విమ్మింగ్ పూల్ కట్టేది అందుకే.

నోవై_నాని
2016లో డెట్రాయిట్ పిల్లలు చదవడం నేర్పించండి మహాప్రభో అని కోర్టుకెళ్ళింది కూడా దీని కొనసాగింపేనా?

లా_పాయింట్
నేరుగా కాదు గానీ అదే ఊరు, అదే గాయం. సిక్స్త్ సర్క్యూట్‌లో ముగ్గురు జడ్జిల బెంచ్ 2020 ఏప్రిల్‌లో 2-1తో అక్షరాస్యత కనీస హక్కు అంది. మేలో గవర్నర్ విట్మర్ రాజీకొచ్చింది, దాదాపు అప్పుడే మొత్తం కోర్టు మళ్ళీ వింటామని ఆ తీర్పుని రద్దు చేసింది, రాజీ కుదిరింది కాబట్టి ఇంక వినలేదు. రాజీ ప్రకారం గవర్నర్ అసెంబ్లీని అడగాల్సిన 9 కోట్ల 44 లక్షల డాలర్లు 2023లో గానీ అసెంబ్లీలో పాసవలేదు.

పాత_మిషిగన్
ఒక చిన్న పిడకల వేట. 2015లో తానా సభలు డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లో కోబో సెంటర్లో జరిగాయి, చాలామంది వచ్చుంటారు. ఆ కోబో ఎవరో ఎవరికీ తెలీదు. ఆల్బర్ట్ కోబో, 1950 నుంచి 57 దాకా మేయరు. తెల్లపేటల్లో పేదలకి సర్కారు ఇళ్ళు రానివ్వను అన్నది ఆయన ఎన్నికల వాగ్దానం, నిలబెట్టుకున్నాడు కూడా. 2019లో ఆ పేరు పీకేశారు. మనం ఆయన పేరున్న హాల్లో కూచిపూడి చూసి, పులిహోర తిని వచ్చాం. 2025లో సభలు నోవైలోనే పెట్టేశారు, ఊళ్ళోకి పోయే పనే లేకుండా.

ఆ ఎయిట్ మైల్ దగ్గర గోడ కూడా ఉంది, బిర్‌వుడ్ గోడ అంటారు. 1941లో ఒక బిల్డర్ తెల్లవాళ్ళ కోసం ఇళ్ళు కట్టబోతే, నల్లపేట పక్కనే ఉంది కాబట్టి ఫెడరల్ లోన్ గ్యారంటీ ఇవ్వం పొమ్మన్నారు. ఆయన మధ్యలో ఆరడుగుల ఎత్తున, అర మైలు పొడుగున గోడ కట్టాడు. లోన్లు వచ్చేశాయి. ఇప్పుడు రెండు వైపులా నల్లవాళ్ళే ఉంటున్నారు.

క్యారీ_కవిత
మార్షల్ అసమ్మతి తీర్పు ఇందాక చదివా. బ్రౌన్ కేసు లాయరుగా వాదించి గెలిచిన మనిషి, ఇరవై ఏళ్ళ తర్వాత అదే కోర్టులో జడ్జిగా కూర్చుని ఓడిపోయిన వైపు రాయాల్సొచ్చింది. మన మహానగరాల్ని తెల్ల ఊరు, నల్ల ఊరు అని రెండుగా చీలనివ్వడం ఇప్పటికి తేలిక దారిలా కనిపించొచ్చు, చివరికి మన ప్రజలు పశ్చాత్తాపపడే దారి ఇది అని రాశాడు. కోపం ఎక్కడా కనపడదు, చాలా అలసట కనిపిస్తుంది.

ఒక్క ప్రశ్న లా_పాయింట్ గారికి. మనం ఆ రోజుల్లో ఇక్కడుంటే ఏ బడికి పంపేవాళ్ళు?

లా_పాయింట్
మిసిసిపీలో మార్తా లమ్ అనే చైనీస్ అమ్మాయి తెల్లపిల్లల బడికి వెళ్తానంటే 1927లో సుప్రీంకోర్టు కుదరదంది. తెల్లదానివి కాదు కాబట్టి ఆ రెండో బడికే పో అని. దానికి నాలుగేళ్ళ ముందు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకి పౌరసత్వం లేదన్నారు. మనవాళ్ళు ఇన్ని వేలమంది రాగలిగింది 1965 ఇమిగ్రేషన్ చట్టం వల్ల, అది పౌరహక్కుల ఉద్యమం వేడిలో వచ్చిన చట్టం. వచ్చినవాళ్ళం తిన్నగా గీతకి అవతల దిగాం.

కడప_టు_కాపెల్
దిగక ఏం చేస్తాం అన్నా, దిగేటప్పుడు ఎవరు చెప్పినారు ఇదంతా. కార్వర్ పిల్లోళ్ళ బస్సు సంగతి రాత్రి మా ఇంటామెకి చదివి వినిపించినా. ఆమె ఒకటే అడిగింది, "మరి మనం ఇల్లు అమ్మేద్దామా?" అని. అమ్మేది లేదు, నేను మాత్రం మళ్ళీ కొన్నా రేటింగ్ చూసే కొంటా, అబద్ధం ఎందుకు. కాకపోతే ఈసారి రాబిన్ హుడ్ మీద గ్రూపులో ఫార్వర్డ్ వస్తే ముందు చదివి తర్వాత తిడతా.

డౌన్‌టౌన్_డాక్టర్
😄 అదే చాలు కడప గారూ. ఇంతకీ ఈ కేసు వాదనల ఆడియో ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది, 1974 ఫిబ్రవరి 27న జరిగినవి. శనివారం రాత్రి జూమ్ పెడితే కలిసి వింటూ మధ్యలో ఆపి మాట్లాడుకోవచ్చు. లా_పాయింట్ గారు ఉంటే అర్థమవుతుంది, లేకపోతే నిద్రొస్తుంది.

నోవై_నాని
నేను రెడీ. తొమ్మిదింటికి పెట్టండి, పిల్లలు పడుకుంటారు.

కడప_టు_కాపెల్
ఈస్టర్నా, సెంట్రలా?